పది నిమిషాలు ముందు నడిచిన రోజులు

నేను ఒక నల్ల పెట్టెను. అన్నం కంచం అంత వెడల్పు, అరచెయ్యి అంత ఎత్తు ఉంటాను. ముందువైపు ఒక పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. వెనకనుంచి ఒక తీగ మేడమీది నీళ్ల ట్యాంకు దాకా పాకి, అక్కడి చిన్న యాంటెన్నాతో కలుస్తుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి సరైన సమయం తెలుసుకోవడం, దాన్ని ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ చెప్పడం, ఇదే నా ఉద్యోగం. టైమ్ సర్వర్ అంటారు నన్ను. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. నేను లేని ఆఫీసును చూసినవాళ్లు మాత్రం అలా అనరు.

నన్ను తయారుచేసినవాళ్లు నా లోపల ఒక స్ఫటికం ముక్క పెట్టి, వేడిచేసి, చల్లార్చి, అది కొట్టుకునే లెక్క తప్పడం లేదని నమ్మకం కుదిరాకే బయటికి పంపారు. మొదట హైదరాబాదులో ఒక షేర్ల ఆఫీసులో ఉన్నాను. అక్కడివాళ్లు క్షణం కోసం ప్రాణం పెట్టేవారు, మధ్యాహ్నం భోజనానికి వెళ్తే మాత్రం తిరిగొచ్చేవారు కాదు. ఆ ఆఫీసు మూతపడ్డాక పాత సామాన్ల కొట్లో దుమ్ము కొట్టుకుంటూ ఉన్న నన్ను నస్రీన్ చూసింది. భీమవరంలో ఒక ప్రసూతి ఆసుపత్రికి కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి. నన్ను కొని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకొచ్చింది.

వచ్చి చూద్దును కదా, ఆ ఆసుపత్రిలో ఎవరి సమయం వాళ్లదే. ప్రతి కంప్యూటర్‌కూ సొంత గడియారం ఉంటుంది, దానితోపాటు సొంత బద్ధకమూ ఉంటుంది. ల్యాబ్‌లో రక్తం తియ్యకముందే రిపోర్టు వచ్చేసేది. మందుల కౌంటరు వార్డు కంటే వెనకబడి, ఇంకా రాయని మందు ఇచ్చినట్టు చూపించేది. నస్రీన్ నన్ను రిసెప్షన్ వెనక బీరువాలో కూర్చోబెట్టి, కంప్యూటర్లను, హాజరు మిషన్‌ను, ఆపరేషన్ థియేటర్ గోడమీది అంకెల గడియారాన్ని ఒక్కొక్కటిగా నాకు అప్పగించింది. కాసేపటికల్లా అన్నీ ఒకే మాట చెప్పాయి. నస్రీన్ గది గదికీ తిరిగి అన్నిటినీ చూసి, పెదవి చివర నవ్వుకుంది. ఆ నవ్వంటే నాకు చాలా ఇష్టం.

మేనేజరు విస్సంరాజు గారు మంచి మనిషే. సిబ్బంది ఆలస్యంగా వస్తున్నారన్న దిగులు ఒక్కటే ఆయన్ను తినేసేది. ఆయన ఇంట్లో హాలు గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. ఆయన పెళ్లయిననాటి నుంచీ అంతే, దానివల్లే ఆ ఇల్లు సవ్యంగా నడుస్తోందని ఆయన గట్టి నమ్మకం. నస్రీన్ చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టగానే ఆయన నా సెట్టింగులు తెరిచి, అసలు సమయానికి పది నిమిషాలు కలిపి చెప్పమన్నారు. చెప్పాను. యంత్రానికి ఎదురు చెప్పే నోరెక్కడిది? నన్ను నమ్మిన గడియారాలన్నీ కలిసికట్టుగా తప్పు చెప్పడం మొదలుపెట్టాయి. సిబ్బంది రెండురోజుల్లో సంగతి పసిగట్టి, ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చారు.

ఆ రోజుల్లోనే పావని కాన్పుకొచ్చింది. ఆపరేషన్ తప్పదన్నారు. అత్తగారు వీరవేణి గారు పంతులుగారిని అడిగి వేళ పెట్టించుకొచ్చారు. ఆ పూట ఒక నక్షత్రపాదం ఉందట, అందులో పుడితే తండ్రికి దోషం. శాంతి జరిగి, నూనెలో నీడ చూసేదాకా తండ్రి బిడ్డ మొహం చూడకూడదు. ఆ పాదం దాటాక తీస్తే ఏ పేచీ లేదు. డాక్టర్ హేమలత గారు వీలైతే అలాగే చేద్దామన్నారు. థియేటర్ గడియారం దోషం దాటిందని చూపించాక ఆడపిల్ల పుట్టింది. వీరవేణి గారు వేళ కనుక్కుని, గుండెలమీద చెయ్యి వేసుకుని, పిల్లను తెచ్చి కొడుకు శ్రీహరి చేతుల్లో పెట్టారు. ఆ తర్వాత అతను పిల్లను దించితే ఒట్టు. అటూ ఇటూ నడిచేవాడు, నా బీరువా ముందు నిలబడి దానికి బీరువాను కూడా పరిచయం చేసేవాడు.

వాళ్లు ఇంటికి వెళ్లే రోజున నస్రీన్ సెలవునుంచి వచ్చి, డిశ్చార్జి కాగితం తీస్తోంది. శ్రీహరి దాన్ని చదివి, ఫోన్లోని ఫోటో చూపించి నవ్వాడు. "మా పిల్ల భలే తొందరదండీ. పుట్టకముందే ఫోటో దిగేసింది."

నస్రీన్ కూడా నవ్వబోయి ఆగిపోయింది. నా మాట వినని ఫోన్లో ఫోటో వేళ, కాగితంలోని పుట్టిన వేళ కంటే ముందుంది. అతను వార్డులోకి వెళ్లాక నా సెట్టింగులు తెరిచి చూసింది. అసలు వేళ లెక్కేస్తే పిల్ల పుట్టింది దోషం ఉన్న పాదంలోనే. దోషం సంగతి వార్డంతా చెప్పుకుంటున్నదే, రాగానే ఆమె చెవినా పడింది.

ఆమె వెళ్లి అడిగితే విస్సంరాజు గారు తప్పు ఒప్పుకున్నారు గానీ, చెవిలో చెప్పినట్టు అన్నారు. "పది నిమిషాలే కదమ్మా. రేపట్నుంచి సరిచేసెయ్. వాళ్లు సంతోషంగా ఉన్నారు, ఎందుకు కెలకడం?"

నిజానికి ఆ మాటలో దయ కూడా ఉంది. చెబితే ఆ తండ్రి చేతుల్లోంచి పిల్లను తీసేసుకుంటారేమో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నస్రీన్ నా పది నిమిషాలు తీసేసి, డాక్టరు గారి గదికి నడిచింది. తెలిసి తెలిసి ఒక మనిషి పుట్టిన వేళను అబద్ధంగా రాయలేనందట. నేను ఎందరి చేతుల్లోనో పడ్డాను, ఆ నడకలాంటిది ఇంకెక్కడా చూడలేదు.

డాక్టరు గారు ఆ కుటుంబాన్ని రిసెప్షన్లోనే కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పి, క్షమించమన్నారు. పావని మొహం పాలిపోయింది. వీరవేణి గారి చేతులు వాటంతటవే పిల్లవైపు చాచుకున్నాయి. శ్రీహరి ఇవ్వలేదు.

"అమ్మా, ఆ గడియారం సరిగ్గా ఉండుంటే దీన్ని నా చేతికిచ్చేదానివా?" అన్నాడు.

"ఇచ్చేదాన్ని కాదురా," అన్నారావిడ.

పిల్ల తండ్రి చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోతోంది. వీరవేణి గారు ఆ వేళ్లను చూస్తూ ఉండిపోయారు. చాచిన చేతులు మెల్లగా ఒళ్లోకి వెళ్లిపోయాయి. నస్రీన్ వైపు తిరిగి, "ఉన్న టైమే రాయమ్మా. నూనె సంగతి మేం చూసుకుంటాం. పిల్లను దించమని మాత్రం వాణ్ణి నేననలేను," అన్నారు.

నస్రీన్ నిజమైన వేళ రాసింది. అక్కడితో ఆగలేదు. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ ఫోన్ చేసి, తిట్లు తిని, సరైన కాగితాలు పంపింది. విస్సంరాజు గారు పక్కనే కూర్చుని సగం తిట్లు తాను పంచుకున్నారు. ఆయన ఇంటి గడియారం మాత్రం ఇప్పటికీ ముందే ఉందట.

టీకా వేయించడానికి వచ్చినప్పుడు నూనెలో చూశారా అని నస్రీన్ అడిగింది. చూశానన్నాడు శ్రీహరి. "మసగ్గా కనిపించిందండీ. చేతిలోనే బాగుంది."

ఇప్పుడు నా చోటికి కొత్త పెట్టె వచ్చింది. నేను స్టోరు గదిలో, చక్రం ఊడిన కుర్చీ పక్కన, దీపం ఆరి ఉన్నాను. ఎన్ని వేళలు సరిగ్గా చెప్పానో నాకు గుర్తులేదు, అది నా పని. గుర్తున్నవల్లా తప్పు చెప్పిన ఆ కొన్ని రోజులే. ఆ తప్పు చాటున ఒక తండ్రి తన కూతుర్ని ఎత్తుకున్నాడు, తప్పు దిద్దాక కూడా దించలేదు.