గంగాప్రసాద్ దరువు

గంగాప్రసాద్ చావుకి మేం కొట్టిన దరువు మీద, మూడు వారాలు తిరక్కముందే, పట్టు లంగాలు కట్టిన అమ్మాయిలు నవ్వుకుంటూ చిందులేశారు. ఎవరో చెబితే విన్నది కాదు. శుక్రవారం మధ్యాహ్నం మా క్యాంప్ మెస్సులో, కంచం ముందు కూర్చుని నా కళ్లతో నేను చూశాను.

నా పేరు షోయబ్. మాది కోరుట్ల. దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీకి బస్సు నడుపుతాను. పొద్దున్నే అరవై మందిని సైటుకి చేర్చడం, సాయంత్రం క్యాంపులో దించడం నా డ్యూటీ. నా సీటు వెనక నాలుగు భాషల్లో ఒక బోర్డు ఉంటుంది: ‘ఎవరైనా నిలబడి ఉండగా బండి కదపరాదు.’ మా మీద ప్రేమతో పెట్టింది కాదు. ఒకసారి పోలీసులు జరిమానా వేశారు, ఆ మర్నాడు అంటించారు.

ఆ రోజు మెస్సులో చిరంజీవి ఫోన్‌ని నీళ్ల సీసాకు ఆనించి ఏదో ప్రకటన చూస్తున్నాడు. చిరంజీవిది శ్రీకాకుళం వైపు, సైటులో స్టీలు కడతాడు. వచ్చే శుక్రవారం సాయంత్రం పెద్ద హోటల్లో తెలుగు సంగీత సంబరమట. రంగు లైట్లు, అమ్మాయిలు, వెనక డప్పుల మోత. నా ఎదురుగా రాజేశమన్న ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. ముద్ద కంచంలో పెట్టేసి లేచి నిలబడ్డాడు. పక్కనున్న ఇద్దరు లేచారు. నేనూ లేచాను. చూస్తుండగానే మా బల్ల మొత్తం లేచింది.

"ఏటైందిరా బాబూ, పామేటైనా వచ్చిందా?" అన్నాడు చిరంజీవి.

"బంద్ చెయ్యి" అన్నాడు రాజేశమన్న. "అది గంగాప్రసాద్‌ది."

మా దిక్కు డప్పుకి పెళ్లికో దరువు, జాతరకో దరువు, చావుకో దరువు ఉంటాయి. చావు దరువు చెవిన పడితే కూర్చున్న మనిషి లేచి నిలబడాలి. ఎవరి శవమైనా సరే, అది దాటిపోయేదాకా కూర్చోకూడదు. నేను ముసల్మాన్ని. మా నాయనా నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను.

గంగాప్రసాద్ రాజేశమన్న పక్క ఊరివాడు, ముప్పై నాలుగేళ్లు. మధ్యాహ్నం ఎండలో పని ఆపాలన్న సర్కారు వేళకు అరగంట ముందు, నాలుగో అంతస్తు స్లాబు మీద, చేతిలో రాడ్డుతోనే కూలిపోయాడు. కాసేపు నీడన కూర్చుంటానని ఆ పొద్దున రెండుసార్లు అడిగాడు. ఫోర్‌మన్ యల్లా, యల్లా, కానీ కానీ అని తరిమాడు. కంపెనీ మాత్రం కాగితం మీద ‘సహజ మరణం’ అని రాసుకుంది. సహజమట! మండే ఎండలో మనిషిని మాడ్చి చంపి సహజమంటారు! పని మీద పోయాడని ఒక్క ముక్క రాస్తే అతని భార్య సుమలతకు పరిహారం వస్తుంది. ఆ ముక్క రాయరు.

శవపెట్టె ఎయిర్‌పోర్టుకి పోయే రోజు క్యాంపు వాకిట్లో రాజేశమన్న, ఇంకో పదకొండుమంది కలిసి పన్నెండు డప్పులు మోగించారు. క్యాంపులో మంట పెట్టనివ్వరు కాబట్టి నా బస్సు బానెట్ మీద ఎండకు పెట్టి తోలు బిగించారు. లేబర్ కాంట్రాక్టర్ శేషాచలం గారు కూడా వచ్చారు. ఫోన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఓ మూల నిలబడ్డారు. కన్నీళ్లు దాచుకుంటున్నాడు పాపం అనుకున్నాం. ఎంత పిచ్చివాళ్లం! వాడు రికార్డు చేసుకుంటున్నాడు. మా వీసాలూ వాడి చేతిలోవే, ఆ సంగీత సంబరం నడిపే ఈవెంట్ కంపెనీ కూడా వాడిదే.

మెస్సులో ఆ ప్రకటన చూసిన సాయంత్రమే శేషాచలం క్యాంపుకి దిగాడు. వెంట యుస్రా అనే అమ్మాయి. దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉండే హైదరాబాదీ కుటుంబం, ఇక్కడే కాలేజీలో చదువుతోంది. పాటల వల్ల ఈ నగరంలో ఎంతమంది బతుకుతున్నారో రిపోర్టు రాయడానికి ఆమెను పెట్టుకున్నాడు. స్పాన్సర్లకి చూపించాలట.

"చూడండి నాయనా" అని మొదలుపెట్టాడు. "ఒక్క మ్యూజిక్ షో పడితే ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో తెలుసా? హోటల్ గదులు నిండుతాయి. సౌండువాళ్లు, లైటువాళ్లు, టైలర్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, గిన్నెలు కడిగేవాళ్లు, అందరికీ పనే. ఇది సరదా అనుకుంటున్నారా? ఇండస్ట్రీ! ఆ వీడియోలో బీటు స్పాన్సర్లకి తెగ నచ్చేసింది. మీ పన్నెండుమందీ స్టేజీ ఎక్కి అదే వాయించాలి."

"సార్, అది సావు దరువు" అన్నాడు రాజేశమన్న. "పెండ్లి దరువు కొట్టుమను, కొడ్తం. జాతర దరువు కొడ్తం. అది మాత్రం కొట్టం."

"దరువు దరువేనయ్యా. వినేవాడికేం తెలుస్తుంది?"

"కొట్టేటోనికి తెలుస్తది."

యుస్రా రాస్తున్నదల్లా తలెత్తింది. "అన్నా, అది ఎవరి కోసం కొట్టిన్రు?"

రాజేశమన్న చెప్పాడు. పేరు, ఊరు, నాలుగో అంతస్తు, రెండుసార్లు అడిగిన నీడ, అన్నీ చెప్పాడు. ఆ పిల్ల అన్నీ రాసుకుంది.

"అవన్నీ రిపోర్టుకి అక్కర్లేదమ్మా" అన్నాడు శేషాచలం. తర్వాత రాజేశమన్న వైపు తిరిగాడు. "సరే, కొట్టొద్దులే. ఏసీలో మీ తోళ్లు ఎలాగూ మెత్తబడిపోతాయి. రికార్డు వేస్తాం, మీరు చేతులు ఆడించండి చాలు. స్టేజీ ఎక్కనన్నావో, శనివారం విమానం ఎక్కుతావు. నీ ఇష్టం."

రాజేశమన్న ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఊళ్లో ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయి ఉంది. ఆ సంగతి వాడికి బాగా తెలుసు.

ఆదివారం డ్యూటీ దిగాక రాజేశమన్న గదిలో కూడాం. ఆరు మంచాల గదిలో ముప్పై మందిమి, గుమ్మం బయట ఇంకో ఇరవై మంది. అప్పుడే సుమలత ఫోన్ చేసింది. రాజేశమన్న స్పీకర్ పెట్టాడు. మా ఊళ్లవాళ్లకి గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"అన్నా, దుబాయ్‌ల మా ఆయన సావు దరువు మీద ఆడుతున్నరట గదా? పోరగాళ్లు ఫోన్‌ల సూపెట్టిన్రు. ఇనంగనే లేసి నిలబడ్డ. ఎంతసేపు నిలబడాలె అన్నా నేను?"

ఫోన్ పెట్టేశాక రాజేశమన్న అన్నాడు: "నేనొక్కన్నే స్టేజీ ఎక్కనంట. పంపిస్తే నన్నొక్కన్నే పంపుతడు."

"నువ్ పోతే ఇంకొగని చేతుల పుల్లలు పెడ్తడు" అన్నారు బయటి నుంచి.

చిరంజీవికి కోపం వచ్చింది. "మా వైపు ఆ దరువే తెల్దు. మీ దరువు కోసం మేం పోవాలేటి? ఇక్కడ సమ్మె అంటే ఏటవుతాదో తెల్సా? లోపలేసి, అటునుంచటే పంపించెస్తారు!"

"సమ్మె ఎవడు జేయమన్నడు?" రాజేశమన్న గొంతు పెంచలేదు. "ఊర్ల ఎవలు సచ్చినా మమ్ముల పిలిచి కొట్టుమన్నరు. కొట్టినం. వాకిట్లకు రానియ్యకున్నా కొట్టినం. ఈడ మొదటిసారి మా మనిషి కోసం మేమే కొట్టుకున్నం. దాన్ని గూడ అమ్ముకుంటే ఎట్ల ఊకుంటం? సావు దరువు ఇనబడ్తే లేసి నిలబడాలె. గంతే చేద్దాం. నిలబడుడు నేరమా?"

హాలు నిండుగా కనబడాలని మూడు బస్సుల లేబర్‌ని తెచ్చి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టమని శేషాచలం నాకు చెప్పి ఉన్నాడు. ఆ మాట అందరికీ చెప్పాను.

"ఎప్పటిదాంక నిలబడ్తం?" అని ఎవరో అడిగారు.

"పని మీద సచ్చిపోయిండని కాగితం మీద రాసేదాంక."

చిరంజీవి మెల్లగా అన్నాడు: "ఆడు నీడ అడిగినప్పుడు పక్కన నేనున్నాను. పని లేటవుతాందని నేను కూడా యల్లా అన్నాను." ఆ మాట అనేసి మొహం తుడుచుకున్నాడు. బయటికి పోయి, ఆ గదికీ ఈ గదికీ తిరిగి అందరికీ చెప్పింది అతనే.

శుక్రవారం సాయంత్రం హోటల్ వెనక పార్కింగులో డప్పులు చివరిసారి నా బానెట్ మీద కాగాయి. లోపల చలి. స్టేజీ మీదికి చేరేసరికే తోళ్లు సడలిపోయాయి. ముందు వరసల్లో స్పాన్సర్లు, వాళ్ల కుటుంబాలు. వెనక వరసల్లో మేం. శేషాచలం సూటు వేసుకుని యుస్రా రాసిన రిపోర్టు చదివాడు. సౌండువాళ్లు, లైటువాళ్లు, టైలర్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, గిన్నెలు కడిగేవాళ్లు. ఒక్కో పేరుకీ చప్పట్లు. ఇంతమందికి ఈ నగరంలో సంగీతమే అన్నం పెడుతోందన్నాడు. ఆ సంగీతానికి ఎవరు చచ్చారో అందులో లేదు.

రికార్డు మోగింది. స్టేజీ మీద పన్నెండుమంది. పన్నెండు డప్పులు. ఒక్క చెయ్యి ఆడలేదు. లావు సిర్ర కుడిచేతిలో, సన్న పుల్ల ఎడమచేతిలో, రెండూ కిందికే వేలాడుతున్నాయి. స్పీకర్లు మోగుతున్నాయి, మనుషులు కదలడం లేదు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

అప్పుడు వెనక చిరంజీవి లేచాడు. ఆ దరువు తెలియని మనిషి అందరికన్నా ముందు లేచాడు! అతని వెనకే మూడు బస్సులవాళ్లం లేచాం. కుర్చీల చప్పుడు హాలంతా వినబడింది. పక్కకి చూస్తే వంటింటి తలుపు దగ్గర, చేతులు తడితో, గిన్నెలు కడిగే ఇద్దరు. మెట్‌పల్లి వాళ్లట, మా దిక్కే. ట్రేలు పట్టుకున్న కుర్రాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అమ్మాయిల లంగాలు కుట్టిన టైలర్ స్టేజీ పక్కన కుర్చీలోంచి లేచాడు. శేషాచలం చదివిన జాబితా మొత్తం హాలు చుట్టూ నిలబడింది.

"కూర్చోండి! ఏంటిది? కూర్చోండి!" శేషాచలం మైకులో అరిచాడు. సౌండు చూసే ఖయ్యూమ్ హైదరాబాద్ పాతబస్తీవాడు. ముందు శేషాచలం మైకు ఆపాడు. ఆ తర్వాత రికార్డు ఆపాడు.

ముందు వరసలో ఒక పెద్దాయన యుస్రాని ఇంగ్లీషులో అడిగాడు, వీళ్లెందుకు నిలబడ్డారని. ఆమె దాచలేదు. ఇంగ్లీషులో చెప్పింది, మళ్లీ అరబ్బీలో చెప్పింది. ఇది చావు దరువు, చనిపోయినవాడి పేరు గంగాప్రసాద్, పని చేస్తూ ఎండకు చనిపోయాడు, కాగితం మీద అబద్ధం రాశారు. ఆ పెద్దాయన చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాడు. లేవలేదు, కానీ మళ్లీ చప్పట్లు కొట్టలేదు.

సెక్యూరిటీవాళ్లు రాజేశమన్నని స్టేజీ మీది నుంచే పట్టుకుపోయారు. గలాటా చేయించాడని శేషాచలం పోలీసు కాగితం మీద సంతకం పెట్టాడు. పోతూ పోతూ రాజేశమన్న డప్పు నా చేతికి ఇచ్చాడు. "షోయబ్ భాయ్, తోలు చల్లవడ్డది. ఎండకు పెట్టు" అన్నాడు. అంతే.

శనివారం పొద్దున అరవై మంది బస్సెక్కారు. రాజేశమన్న సీటు ఖాళీ. ఎవరూ దాంట్లో కూర్చోలేదు. తర్వాత చూస్తే ఎవరూ ఎందులోనూ కూర్చోలేదు. పైన రాడ్డు పట్టుకుని అరవై మందీ నిలబడి ఉన్నారు. డప్పు లేదు, రికార్డు లేదు. అయినా నిలబడి ఉన్నారు.

శేషాచలం పరిగెత్తుకొచ్చాడు. "షోయబ్! బండి తియ్! సైటులో కాంక్రీటు వచ్చేసింది!"

నేను నా వెనకున్న బోర్డు చూపించాను. "నిలబడ్డరు సార్. బండి కదపరాదు. కంపెనీ రూలే." ఇంజన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాను. నా వీసా కూడా వాడి చేతిలోదే.

వాడు మెట్టెక్కి లోపలికి తొంగి చూశాడు. మొదట బెదిరించాడు, తర్వాత బతిమాలాడు. చివరికి గొంతు చించుకున్నాడు: "ఎంతసేపు నిలబడతార్రా మీరు?"

సుమలత అడిగిందీ ఇదే. ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

"రాసేదాంక!" అన్నాడు చిరంజీవి, మా మాటలో. అతని వెనక బస్సంతా అదే అంది.

పక్కన రెండో బస్సు ఇంజన్ ఆగింది. దాని వెనక మూడోది ఆగింది. నేను కిందికి దిగి, రాజేశమన్న డప్పుని బానెట్ మీద ఎండ తగిలేచోట పెట్టాను.