కానుగ నూనె బండి

కదిరప్పకు పుంగనూరులో ఆటోలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. రెండువేల ఆరులో అతను తన డీజిల్ ఆటోను కానుగ నూనెతో నడిపించాడు. సీటు కింద రెండు డబ్బాలు పెట్టాడు. చిన్నదాంట్లో డీజిల్, పెద్దదాంట్లో నూనె. చల్లటి ఇంజను నూనెతో అంటుకోదు. డీజిల్‌తో స్టార్టు చేసి, వేడెక్కాక వాల్వు తిప్పి నూనెకు మార్చేవాడు. ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు తిప్పి కాసేపు ఆడించాలి. లేకపోతే పైపులో నూనె చిక్కబడుతుంది. అంతే పని.

కానుగ గింజలు ఏరి తెచ్చేది సదుం ఊరి పక్క ఆదెమ్మ, ఆమె సంఘం ఆడవాళ్లు. వాటిని పాత ఎద్దు గానుగలో ఆడించేవాళ్లు. ఆ ఎద్దు ముసలిదైపోయింది. మదనపల్లెలో ఒక ఆఫీసరు చేతిలో నూనె తీసే మిషను ఉందనీ, పుంగనూరుకిద్దామా కుప్పానికిద్దామా అని చూస్తున్నాడనీ తెలిసింది.

"నీ బండి మదనపల్లె దాకా పోతే మిషను మనకే గదప్పా?" అంది ఆదెమ్మ.

"పోతాది లేమ్మా" అన్నాడు కదిరప్ప. ఆ ఒక్క మాట నమ్మి ఆమె ఇంటినిండా గింజల మూటలు పేర్చుకుంది.

ఆఫీసరు కూడా వచ్చే మదనపల్లె సభకు పుంగనూరు నాయకుడు భీమరావు ఆ బండిలోనే వస్తానన్నాడు. ముందురోజు అతని మనిషి గంగాధరం వచ్చి సీటు ఎత్తి చూశాడు.

"ఈ డీజిల్ డబ్బా యేంది కదిరప్పా?"

"స్టార్టు కావల్ల గదన్నా."

"ఒక్క సుక్క డీజిల్ ల్యాకుండా వస్తాండానని భీమరావన్న మైకులో సెప్పబోతాండాడు. పేపరోళ్లు వస్తారు. తీసెయ్."

"తీసేస్తే యెట్లన్నా?"

"పొద్దున్నే నీ షెడ్డులో స్టార్టు సేసి, ఆపకుండా తెచ్చెయ్. ఎవురికి తెలస్తాది?"

మరునాడు మంచు విడవకముందే కదిరప్ప ఇంజను వేడి చేసి, నూనెకు తిప్పి, చిన్న డబ్బా ఊడదీసి షెడ్డులో పెట్టాడు. భీమరావు ఎక్కాడు. ఫోటో కోసం పక్కన ఆదెమ్మను కూర్చోబెట్టారు. వెనక జీపులో గంగాధరం, పేపరు వాళ్లు.

సగం దారి దాకా బండి బాగానే పోయింది. ఒక ఊళ్లో జనం అడ్డం వచ్చి, పళ్లెంలో కర్పూరం వెలిగించి హారతికి నిలబడ్డారు. హారతి పడుతుంటే ఇంజను గడగడ మోగించడం ఆ పక్క మర్యాద కాదు. ఇరవై ఏళ్లుగా అలవాటైన చెయ్యి. కదిరప్ప టక్కున ఇంజను ఆపేశాడు. ఆపిన తరువాత గానీ డీజిల్ డబ్బా షెడ్డులో ఉందని గుర్తు రాలేదు.

భీమరావు దిగి, ఒక్క చుక్క డీజిల్ లేదంటూ చాలాసేపు మాట్లాడాడు. చలిగాలి కొడుతూనే ఉంది. మళ్లీ ఎక్కాక కదిరప్ప పది సార్లు పిడి లాగాడు. బండి దగ్గింది గానీ అంటుకోలేదు.

గంగాధరం జీపు దిగి అతని చెవి దగ్గరికి వచ్చాడు. "వైరు తెగిందని సెప్పు. అన్న జీపులో పోతాడు."

కదిరప్ప చేతులు తుడుచుకున్నాడు. జీపులో పోతే మిషను కుప్పానికి పోతుంది. నిజం చెప్పినా పోవచ్చు. కానీ బండిలో తప్పు లేదు. లేని తప్పు దాని మీద వేయడానికి అతనికి నోరు రాలేదు.

"దీనికి స్టార్టు కావడానికి కొంచెం డీజిల్ కావల్ల సార్. ఆ డబ్బా నేనే తీసేసినా."

జనం గొల్లున నవ్వారు. "ఒక్క సుక్క ల్యాదంటిరే!" అని ఎవరో అరిచారు. భీమరావు ముఖం మాడిపోయింది.

ఆదెమ్మ బండిలోంచే గొంతెత్తింది. "యాల నవ్వుతారు? మీ యిండ్లల్లో పొయ్యి యెట్ల రాజేస్తారు? రోంత కిరసనాయిలు పొయ్యరా? ఆమైన కట్టెలు వాటికవే మండవా? నవ్వింది సాలు, ఎవురన్నా కాగిన నీళ్లు తెండమ్మా!"

భీమరావు ఆమెను చూశాడు. జీపు వైపు చూశాడు. తరువాత కండువా నడుముకు చుట్టి, "ఎవరి ట్రాక్టరులోనైనా డీజిల్ ఉందా?" అని అడిగాడు. వెంకటరమణప్ప అనే రైతు ఒక సీసాలో తెచ్చాడు. కదిరప్ప పైపు మీద వేడినీళ్లు పోసి, చిక్కబడిన నూనె వదిలించి, డీజిల్ పట్టించాడు. నాలుగో లాగుడుకు అంటుకుంది.

మదనపల్లెలో భీమరావు మైకులో సీసా సంగతి దాచకుండా చెప్పాడు. సభ అయ్యాక ఆఫీసరు బండి దగ్గరికి వచ్చాడు. "కుప్పంలోనూ ఒక నూనె బండి ఇట్లే ఆగింది. ఎందుకాగిందో ఒక్కరూ చెప్పలేదు. మిషను పుంగనూరుకే రాస్తాను. నువ్వు రెండు రోజులు కుప్పం వెళ్లి వాళ్లకు నేర్పాలి" అన్నాడు.

"పోతా సార్" అన్నాడు కదిరప్ప.

"మిషను ఎప్పుడొస్తాదప్పా?" అంది ఆదెమ్మ.

"ఉగాదికి" అన్నాడు ఆఫీసరు.

"ఉగాదికా! అందాంక నా గింజలు పురుగు పట్టవా?" అని ఆమె ఆఫీసరును అక్కడే నిలబెట్టేసింది. చివరికి అతను జేబులోంచి పెన్ను తీసి, కాగితంలో ఉగాది కొట్టేసి, అంతకన్నా ముందు తేదీ వేశాడు.