చాపని వేళ్ళు

తీసేసిన కోసాల్ కాలు అసలు ఊరి బౌద్ధ విహారంలో లేనే లేదట. బియ్యపు సేమియా అమ్మే ఇయంగ్ అవ్వ బావి దగ్గర నలుగురికీ చెప్పింది. ఆ నలుగురిలో కోసాల్ పెళ్ళాం ఫల్లా కూడా ఉందని చూసుకోలేదు. కోసాల్ తమ్ముడు రిత్తీ థాయిలాండుకు కూలికి పోబోతూ, నిన్నటి వీడ్కోలు విందులో తాగి నిజం కక్కేశాడట: "ఆ కాలు సంకే నదిలో చేపలు తినేశాయవ్వా."

ఫల్లా పొయ్యిలోకి ఊక తోస్తూ ఆ మాట చెప్పేసరికి కోసాల్ అద్దం పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ బెల్లం కోసం తాటి నీరా కాగే వేళ అతనికి ఇదే పని. ఆస్పత్రివాళ్ళిచ్చిన అద్దాన్ని రెండు తొడల మధ్య నిలబెట్టి కుడికాలు చూసుకుంటే, ఎడమకాలూ ఉన్నట్టే కనిపిస్తుంది. పైలిన్ మొక్కజొన్న చేలో మందుపాతర ఆ కాలిని మోకాలి దాకా నుజ్జు చేసి తొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ దాని వేళ్ళు ఒకప్పుడు అతనెక్కిన తాటిచెట్టు వెదురుమెట్టును పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయి. లేని గోళ్ళు లేని అరికాల్లో దిగబడతాయి. అద్దం ముందు ఉన్న వేళ్ళు మెల్లగా చాపితే, లేనివీ కాస్త సడలుతాయి. పూర్తిగా మాత్రం ఎన్నడూ విడలేదు.

కాలు తీసేసిన రోజున తమ్ముడి చొక్కా పట్టుకుని మరీ చెప్పాడు: "విహారంలో పూడ్చరా. వేళ్ళు సాపి పూడ్చు. ముడిచి పూడిస్తే బతికినన్నాళ్ళూ పీకుద్దంట." రిత్తీ తలూపాడు. తర్వాత విహారం గోడవార చోటు కూడా చూపించాడు. ఏటా పెద్దల పండక్కి చచ్చినవాళ్ళకు అన్నం ముద్దలు వేసేటప్పుడు, కోసాల్ ఒక ముద్ద తన కాలికీ పెట్టి వచ్చేవాడు. పక్కన నిలబడి చంకకర్ర పట్టుకున్నది రిత్తీయే.

రిత్తీ ఇంటి ముందు తాటిచెట్టు దిగాడు. ఆఖరిసారిగా నీరా పట్టిన వెదురుగొట్టాలు బాన పక్కన పెట్టి, నడుముకున్న కత్తి విప్పి గుంజకు తగిలించాడు. రోడ్డు మీద అతన్ని తీసుకుపోయే బండి హారను మోగింది.

"తొమ్మిది ముద్దలు పెట్టించావురా," అన్నాడు కోసాల్, "ఉత్త గోడకి."

"ఆస్పత్రి నుంచి వచ్చేప్పుడు పడవవాడు చూస్తే ఎక్కనివ్వడని, మూట చొక్కా కింద దాచానన్నా. నెత్తురు కారింది. బయమేసి నది నడిమిన జారవిడిచా."

పొయ్యి మీద నీరా పొంగొచ్చింది. ఫల్లా తెడ్డు ముట్టుకోలేదు.

"పోనీ, ఇడిచేముందు వేళ్ళన్నా సాపావా?"

రిత్తీ సంచి భుజానికెత్తుకున్నాడు.

"మూట ఇప్పనే లేదన్నా."