ఓర్పుకు ఒక్క పాయింటు

పాచికలు లేని ఆ ఆటను ఇంట్లోకి తెచ్చిన పాపం మరిదిదే. సెలవు వస్తే చాలు, అన్నదమ్ములిద్దరూ రాజులూ మాంత్రికులూ అయిపోయి కూర్చున్న చోటే మాటలతో యుద్ధాలు చేసేవారు. ఆమె వంతు టీలు అందించడం. ఆ రోజు పొయ్యి మీద పాలు పెట్టి ఇవతలికి రాగానే మరిది కుర్చీ ముందుకు లాగాడు.

"నువ్వూ కూర్చో వదినా. ఈసారి రాజుల్లేరు, మామూలు మనుషులే. మొగుడూ పెళ్లాం."

"దానికి ఆటెందుకురా, రోజూ ఉన్నదేగా!" భర్త నవ్వాడు.

తెలివి, బలం, మాట, ఓర్పు. తలా ఇరవై పాయింట్లతో వాటిని వేలంలో పాడుకోవాలి. తలపడినప్పుడు ఎక్కువున్నవాళ్లదే గెలుపు. అదృష్టమన్నది లేదు. ఆమెకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. ఈ ఇంట్లో ఏ సంగతి అదృష్టానికి వదిలారు గనుక? కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని మానెయ్యమని మొన్న భర్త తేల్చేసినప్పుడూ అంతే. "అమ్మ మంచాన పడింది. నీ జీతం లేకపోతే మునిగిపోతామా?" అన్నాడు. రేపే యజమానికి చెప్పి రావాలి. అద్దం అంచును వేలితో తడిమి, అది ఫ్రేములో ఇముడుతుందో లేదో ఆమె చెప్పగలదు. తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది అదొక్కటే. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

మాట కోసం ఆమె పది పాడితే భర్త పన్నెండన్నాడు. ఓర్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి విదిలించాడు.

"అది నాకెందుకు? ఆడవాళ్లకిచ్చెయ్."

ఒక్క పాయింటుకే అది ఆమెదైంది.

"మొదటి తగాదా, పెళ్లాం ఉద్యోగం మానాలా వద్దా? మాట నాదే ఎక్కువ, గెలిచాను. ఇక టీ పట్రా," అన్నాడు భర్త.

"నేను ఒప్పుకోకుండా సాగదీస్తే?" అంది ఆమె.

మరిది నవ్వు సగంలో ఆగింది. "సాగదీస్తే... ఓర్పున్నవాళ్లదే వదినా. ఎదుటివాళ్లు అలిసిపోయేదాకా."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద చుయ్యిమన్నాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాసేపటికి లోపలి గదిలోంచి అత్తగారి దగ్గు వినిపించింది.

భర్త నోట్లో సిగరెట్టు, చేతిలో అగ్గిపెట్టె. పుల్ల తియ్యబోయి ముక్కు ఎగబీల్చాడు.

"గ్యాసు వాసన. మంట ఆరినట్టుంది, చూడు."

ఆమె కదల్లేదు.

"వినపడలేదా?"

"వినపడింది."

మరిది లేవబోయాడు. "కూర్చోవయ్యా! ఆట నడిపేవాడివి, మధ్యలో నీకేం పని?" అంది. అతను కూలబడ్డాడు.

"ఏమే, ఊపిరాడట్లేదే!" అత్తగారి గొంతు.

"అది నీ పని!" భర్త అరిచాడు.

"రేపు నేను దుకాణానికి వెళ్తున్నాను," అంది ఆమె. "మానెయ్యడానికి కాదు."

ఆమె కళ్లలోకి చూస్తూ అతను అగ్గిపెట్టె బల్ల మీద పడేసి, వంటింటికేసి పరుగెత్తాడు. పొయ్యి మీట ఏ వైపు తిప్పితే గ్యాసు ఆగుతుందో అతనికి తెలియదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

అయినా లేవలేదు.