ఓట్లకు ముందు పోవలసిన మనిషి

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, గాలికి మాట చెదిరిపోతోంది. హన్నా సంగతి చెబుతాను.

ఎనభై ఒకటిలో పంచాయతీ ఎన్నికలు. రేపు పోలింగు అనగా, అల్లవరం దారిలో భాస్కరరావుగారి కొబ్బరి కళ్లంలో హన్నా ఎప్పటిలాగే పీచు కొడుతోంది. కాలవలో నానబెట్టిన కొబ్బరి డొక్కలు, అదే కాయల పైతొక్కలు, రాతిమీద పెట్టి చెక్కసుత్తితో బాదడమే ఆమె బతుకు. ఆ మురుగు కంపు చేతుల్లోంచి పోదు. అందుకే ఆదివారం ప్రార్థన గుడిలో కూడా వెనక గోడకి ఆనుకుని కూర్చుంటుంది.

"ఏవమ్మా హన్నా, మీ ఆయనకెలా ఉందీ?" అన్నాడు భాస్కరరావుగారి మనిషి తాతబ్బాయి.

"ఆయ్, పొద్దున్న కాస్త గంజి తాగేరండి."

"తాగేడా?" అని మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు.

రోజూ ఇదే అడుగుతాడు. ఎంత మంచివాళ్లో అనుకునేది పిచ్చి తల్లి. ఆమె మొగుడు ఇశ్రాయేలు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. క్షయ పట్టుకుని మంచాన పడ్డాక, ఉన్నట్టుండి భాస్కరరావుగారు ఇంటికొచ్చి, "ఒరే, నువ్వూ ప్రెసిడెంటుగా నిలబడాలిరా. మీ పేటలో ఒకడి పేరైనా పైకి రావద్దా?" అన్నారు. ఆయనా పోటీలో ఉన్నారు కదా, మరి మావాడెందుకని ఎవరికీ తోచలేదు. ఓట్ల గుర్తుగా నిచ్చెన ఇచ్చారు. "చెట్టెక్కేవోడికి నిచ్చెనెందుకంట?" అని పేటంతా నవ్వింది. ఇశ్రాయేలూ నవ్వాడు, దగ్గొచ్చేదాకా. అమలాపురం నుంచి మందు నేనే తెప్పిస్తానన్న పెద్దమనిషి, నామినేషను పడ్డాక ఆ ఊసే ఎత్తలేదు. ఎన్నికలయ్యాక పెద్దాసుపత్రిలో చేర్పిస్తానన్నారు. హన్నా నమ్మింది.

ఆ మధ్యాహ్నం మంచినీళ్లకని లేచి, కాయల రాశి వెనక్కి వెళ్లింది. అవతల భాస్కరరావుగారి గొంతు.

"ఇంకా గంజి తాగుతున్నాడేంట్రా? రేపు ఓట్లు పడ్డాయంటే మనకెదురు నిలబడ్డ సూర్యారావు మనల్ని ముంచేస్తాడు. పోటీలో ఉన్నోడు ఓట్లు మొదలవకముందే పోయి, ఆ కబురు ఆఫీసరుకి అందితే ఎన్నిక ఆపేసి మళ్లీ ఎప్పుడో పెడతారని, ఈలోగా ఓట్లు కూడగట్టుకోవచ్చని ప్లీడరుగారు చెప్పేరు. అందుకే కదా వాణ్ణి నిలబెట్టింది."

"ఈ రాత్రి గడవడం కష్టమేనండి బాబూ," అన్నాడు తాతబ్బాయి.

చెంబు చేత్తో పట్టుకుని హన్నా నీళ్లు తాగకుండానే తిరిగొచ్చింది. మళ్లీ సుత్తి పట్టింది. పనిమాత్రం ఆపలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఇశ్రాయేలు గోడకి చేరబడి కూర్చున్నాడు.

"రేపు మన రెండోట్లూ ఖాయమే. మూడోది ఎవరేస్తారో చూడాలి," అన్నాడు.

మాట ఆమె గొంతుదాకా వచ్చింది. పంచాయతీ గోడమీద తన పేరు అంటించారని మురిసిపోతున్న మనిషితో, నీ చావు కోసమే అంటించారని ఎలా చెబుతుంది? "మూడోది సుబ్బమ్మొదిన ఏస్తానంది," అని అబద్ధమాడి గంజి పట్టించింది.

తెల్లారగట్ల, ఆమె అతని వీపు రాస్తూ ఉండగానే, దగ్గు ఆగింది. ఊపిరీ ఆగింది.

హన్నా ఏడవలేదు. అతని మొహం గోడవైపు తిప్పి, దుప్పటి భుజాలదాకా కప్పింది. తాతబ్బాయి రానే వచ్చాడు.

"ఇప్పుడే కన్నంటుకుందండి. లేపమంటారా?"

క్షయ అంటుకుంటుందని ఆ మహానుభావుడు ఏనాడూ గడప దాటలేదు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటినుంచే చూసి, "వద్దొద్దు, పడుకోనీ," అని వెళ్లిపోయాడు.

ఆమె తలుపు గొళ్లెం పెట్టి, అందరికంటే ముందు ఓట్లు వేసే బడి దగ్గర ఆడవాళ్ల వరసలో నిలబడింది. పందిరి కింద భాస్కరరావుగారు చూశారు.

"మీ ఆయన రాలేదేమే?"

"నిదానంగా వస్తారండి."

వేలికి సిరా పెట్టించుకుని నిచ్చెన బొమ్మమీద ముద్ర గుద్దింది. కాయితం పెట్టెలో వేసి, ఆఫీసరు దగ్గరికెళ్లి, "అయ్యా, ఓట్లు మొదలయినట్టేనాండి?" అనడిగింది.

"నువ్వేసేవు కదమ్మా, ఇంకేం మొదలవాలి?"

అప్పుడు బయటికొచ్చింది. సరిగ్గా భాస్కరరావుగారి కాళ్ల ముందు, ఇసుకలో కూలబడి ఏడుపందుకుంది. "తెల్లారగట్లే పోయేరండి బాబూ, తమకి చెప్పడం ఆలస్యమైపోయిందండి," అంటూ గుండెలు బాదుకుంది. ఆయన మొహం చూసినవాళ్లు చెబుతారు, ఎండిన కొబ్బరాకులా పాలిపోయిందని. వరస మాత్రం కదులుతూనే ఉంది. ఆ సాయంత్రం ఓట్లు లెక్కపెడితే సూర్యారావే గెలిచాడు. వాడూ పేటకేమీ ఒరగబెట్టలేదనుకోండి, అది వేరే సంగతి.

అంతకు ముందే, మధ్యాహ్నం కాకుండానే, భాస్కరరావుగారి బండిలో శవప్పెట్టె వచ్చింది. ఇక తమకి పనికి రాదని కాబోలు పంపేశారు. మామిడి చెక్క, ఇశ్రాయేలు పొడుక్కి సరిగ్గా సరిపోయేలా ఉంది. హన్నా దాన్ని చేత్తో తడిమి, "రంగు ఆరిపోయింది కదండీ. ఎప్పుడు చేయించేరు?" అంది. పెట్టెను ఆ బండిలోనే తిప్పి పంపేసింది. ఆమె మొగుణ్ణి తను నేసిన తుంగచాపలో చుట్టించి మట్టిచేయించింది.

మీరూ ఎక్కడైనా ఈ కథ చెప్పండమ్మా, గెలిచినవాడి పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఆ పెట్టె మాత్రం మరవకండి. చాలా ఏళ్లు భాస్కరరావుగారి కళ్లంలో వలిచిన కాయలు పోసుకునే తొట్టిలా పడి ఉండేది. మూతమీద తెల్లరంగుతో ఇశ్రాయేలు అని పేరు, దాని కింద తారీఖు కోసం వదిలేసిన ఖాళీ.