గుమ్మడికాయ కమాండు

సుహాస్ పేరెత్తితే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. చల్లారేదాకా ఆగితే ఈ సంగతి నేను చెప్పనే చెప్పను.

ఫిల్మ్‌నగర్‌లో మాది గ్రాఫిక్స్ స్టూడియో. సినిమాల్లో మీరు చూసే వరదలు, పిడుగులు, కూలిపోయే కోటలు మా దగ్గరే పుడతాయి. వాటి ఫైళ్ళన్నీ కదిలేది టెర్మినల్‌లో. అదొక నల్లటి విండో. మౌసుతో పనుండదు, ఏం కావాలో టైపు చేసి చెప్పాలి. ఒక్కో పనికీ బారెడు కమాండు. కొట్టలేక విసుగొచ్చి, నేనే కూర్చుని దాన్ని నాకు నచ్చినట్టు మార్చుకున్నాను. రంగులు మార్చాను. ఏ షాటులో ఉన్నానో ఎప్పుడూ కనబడేలా పెట్టాను. బారెడు కమాండ్లకు పొట్టి పేర్లు పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే. కొత్త షాటు మొదలుపెట్టడానికి 'కొబ్బరికాయ'. పూర్తయ్యాక పనికొచ్చే ఫ్రేములు పక్కకు తీసి, మిగతా చెత్తంతా తుడిచేయడానికి 'గుమ్మడికాయ'. సినిమావాళ్ళం కదా, షూటింగుకు ముందు అది కొడతాం, ముగిశాక దిష్టి తీసి ఇది కొడతాం.

గుమ్మడికాయతో ప్రమాదమని నాకు తెలుసు. అందుకే కొట్టేముందు అది అడిగేలా రాశాను: "ఏ షాటుకి? అందరి పనీ అయిందా?" షాటు పేరు చెప్పి, 'అయింది' అని టైపు చేస్తే తప్ప ఒక్క ఫైలూ పోదు.

ఓ సోమవారం ఆఫీసుకెళ్ళేసరికి అందరి కంప్యూటర్లలోనూ నా టెర్మినలే! అవే రంగులు, అవే పేర్లు. పైన మాత్రం కొత్తగా ఒక లైను: 'సుహాస్ సెటప్‌కు స్వాగతం'. సుహాస్ మా సూపర్‌వైజరు.

"అక్కా, గిదేంది? గివి నీ రంగులే గదా! గాయన పేరెందుకున్నది?" అన్నాడు నా పక్క సీటు పృథ్వీరాజ్.

తిన్నగా సుహాస్ దగ్గరికెళ్ళాను. "నా ఫైలు తీసుకున్నారు, సరే. నా పేరు చెప్పడానికి నోరు రాలేదా?"

నవ్వాడు. "టీమ్‌లో నీదీ నాదీ ఏంటి ప్రణవీ? అయినా నేను ఇంప్రూవ్ చేశాను. నీది అమ్మమ్మలా ప్రతిదానికీ ప్రశ్నలేస్తోంది. ఆ చాదస్తం తీసేశా."

"గుమ్మడికాయకి కూడానా?"

"టైమ్ వేస్ట్ కదా."

"తిరిగి పెట్టండి. ఎప్పుడో కొంప మునుగుతుంది."

"చూద్దాంలే."

చూద్దాంలేట! స్టూడియో యజమాని మౌళి గారికి చెప్పాను. "చిన్న విషయానికి గొడవెందుకమ్మా" అన్నారాయన. వెనక్కొచ్చి వరద పని మొదలుపెట్టాను.

ఆ శుక్రవారం మౌళి గారి వెంట దర్శకుడు క్లైమాక్స్ వరద చూడటానికి వచ్చారు. వారమంతా నేనూ పృథ్వీరాజ్ తిండి కూడా సరిగ్గా తినకుండా చేసిన వరద అది. చూసి పొంగిపోయారు. "అబ్బ, నీళ్ళు నా మీదే పడ్డట్టుంది! ఇక గుమ్మడికాయ కొట్టేయండయ్యా!"

సుహాస్‌కి ఆ మాట చాలు. "మా దగ్గర కంప్యూటర్లోనే కొడతాం సర్. నా సెటప్పే" అంటూ కీబోర్డు లాక్కున్నాడు. షాటులోకి వెళ్ళకుండా సినిమా మొత్తం ఉన్న ఫోల్డరులోనే నిలబడి టైపు చేశాడు. "ఆగండి!" అని అరిచాను. అప్పటికే కొట్టేశాడు. అది ఏ షాటుకని అడగలేదు. ఎలా అడుగుతుంది, అడిగే నోరు ఆయనే నొక్కేశాడుగా!

ఏ షాటో తెలియక ఏ ఫ్రేమునూ పక్కకు తీయలేదు, అంతా చెత్త కిందే తుడిచేసింది. ఫోల్డరు ఖాళీ. బ్యాకప్‌లో కిందటి ఆదివారం దాకానే ఉంది. మా వరద మొత్తం పోయింది.

"ఏమైందయ్యా?" అన్నారు దర్శకుడు.

సుహాస్ తడుముకోకుండా నా వైపు వేలు చూపించాడు. "ఈ కమాండ్ ప్రణవి రాసింది సర్. ఇలా తుడిచేస్తుందని నాకేం తెలుసు?"

మౌళి గారి మొహం కందగడ్డయింది. "ఏంటమ్మా ఇది? పరువు తీశావు కదా! రేపట్నుంచి రానక్కర్లేదు."

"సార్, అక్క తప్పేం లేదు, జర ఇనుండ్రి..."

"నువ్వుండవయ్యా!" అని పృథ్వీరాజ్‌ని కసిరారు.

కోపమొస్తే నాకు ముందు ఏడుపొస్తుంది, పాడు అలవాటు. ఆ మనిషి ముందు మాత్రం ఏడవదలచుకోలేదు. "వెళ్తాను సర్. ఒక్కసారి కొత్త టెర్మినల్ తెరవండి."

తెరిచారు. గోడంత తెర మీద, దర్శకుడి ఎదురుగా వచ్చింది: 'సుహాస్ సెటప్‌కు స్వాగతం'.

"ఇందాక నీ సెటప్పే అన్నావుగా?" అన్నారు దర్శకుడు. సుహాస్ బూట్లు చూసుకున్నాడు.

మౌళి గారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "సరేలేమ్మా, మనసులో పెట్టుకోకు. ఆ వరదేదో మళ్ళీ చేసెయ్."

సరేలేమ్మాట! పొమ్మన్నప్పుడు మేడంతా వినబడిన గొంతు, ఇప్పుడు చెవిలో గుసగుసలు! "అందరి ముందూ అన్నమాట అందరి ముందే వెనక్కి తీసుకోండి సర్" అన్నాను. నీళ్ళు నమిలి, చివరికి పైకే అన్నారు. తప్పు నాది కాదనీ, రేపు రావాలనీ.

కూర్చుని ముందు ఆ స్వాగతం లైను పీకేశాను. నా ప్రశ్న తిరిగి పెట్టాను. పనిచేస్తోందో లేదోనని ఓ ఖాళీ ఫోల్డరులో గుమ్మడికాయ కొట్టి చూశాను. అడిగింది: "ఏ షాటుకి? అందరి పనీ అయిందా?"

వెనకనుంచి సుహాస్ గొంతు. "సారీ ప్రణవీ. అయిపోయిందేదో అయిపోయింది, ఇక వదిలెయ్."

తల తిప్పలేదు. ఆయనకు కనబడేలా ఒక్కో అక్షరమే టైపు చేశాను: 'కాలేదు'.