పదిసార్లు నెగ్గిన చేతులు

ఇరవై ఆరేళ్లుగా అమలాపురంలో పొట్టలు కోస్తున్నవాణ్ణి. అలాంటి నా పరువు ఒక ప్లాస్టిక్ పెట్టె తీసింది.

పెట్టెలో రబ్బరు కిడ్నీ ఉంటుంది. చిన్న కన్నాల్లోంచి పొడుగాటి పరికరాలు దూర్చి, టీవీలో చూస్తూ, దాని మీదున్న కణితిని కోసి తియ్యాలి. కోసిన చోట ఇరవై ఐదు నిమిషాల్లో కుట్లు పడాలి, లేకపోతే ఎర్రనీళ్లు కారతాయి. అలా నెగ్గిన వీడియోలు పది పంపితే, కన్నాల్లోంచి ఆపరేషన్ చెయ్యొచ్చని సర్టిఫికెట్ ఇస్తారు. నెల్లాళ్లు దాంతో కుస్తీ పట్టాను. చేయి కుడికి తిప్పితే తెరమీద ఎడమకి పోయేది. కెమెరాని తిట్టాను, కళ్లజోడు మార్చాను. నలభై నిమిషాలకి తగ్గలేదు.

ఒకరోజు విసుగొచ్చి, "పోనీ నువ్వెయ్యి కుట్లు, చూద్దాం" అన్నాను థియేటర్ నర్సు కుమారితో. ఎగతాళికే అన్నాను. ఓడలరేవు పిల్ల, తండ్రి పక్కన కూర్చుని వలలు బాగుచేస్తూ పెరిగింది. నేను భోజనానికి వెళ్లినప్పుడల్లా ఆ పెట్టె దగ్గర కూర్చునేదట. పద్దెనిమిది నిమిషాల్లో కిడ్నీ మూసేసింది. చుక్క కారలేదు.

వీడియోలో పరికరాల కొసలే కనపడతాయి, పట్టుకున్న చేతులు కనపడవు. ఆ సంగతి నాకు వెంటనే తట్టింది. పదీ ఆమె చేతే చేయించాను. "ఎవరికీ చెప్పకమ్మా" అంటే, "ఆయ్" అంది నా మొహం చూడకుండా.

సర్టిఫికెట్ రాగానే ఆసుపత్రి గేటుకి నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. దాని పక్కనుంచి రోజూ తలెత్తుకునే నడిచాను, సిగ్గు లేకుండా.

నిన్న ఆ ఆపరేషన్‌కి మొదటి పేషెంటు వచ్చి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. కుమారి తండ్రి గంగబాబు. ఎడం కిడ్నీ మీద చిన్న కణితి. ఫైలు పట్టుకుని కుమారి వెనకాల నిలబడింది.

"పెద్ద కోత పెడితే ఆర్నెల్లు వల లాగలేనంట కదండీ. కన్నాల్లోంచైతే తొందరగా పడవెక్కొచ్చంట. కాకినాడ ఎల్దాం నాన్నా అని ఒకటే గోలండి మా కుమారి. ఎందుకో అడిగితే చెప్పదు. గేటు కాడ మీ బొమ్మ చూసేను కదండీ, అన్నం పెట్టే డాక్టరుగారినే నమ్మవా అని గట్టిగా కేకలేసేనండి" అన్నాడు.

కుమారి తలెత్తలేదు. కన్నతండ్రి ప్రాణం మీదికి వచ్చినా నా గుట్టు దాచింది. ఆ పిల్లని అక్కడ నిలబెట్టింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"కుమారి చెప్పిందే మంచిది. కాకినాడకి రాసిస్తాను" అన్నాను. అంతటితో తప్పించుకుందామనే చూశాను.

"అదేంటండీ, మీరు పరీక్ష నెగ్గేరు కదండీ?"

కలం పక్కన పెట్టాను. "నెగ్గింది నేను కాదు గంగబాబూ, మీ అమ్మాయి. పదిసార్లూ తనే చేసింది. నా పేరు పెట్టుకుని పంపించాను."

"ఊరుకోండి, మీరు మరీనండీ" అని నవ్వాడు. నవ్వుతూనే కూతురి వైపు తిరిగాడు. ఆమె ఏడుస్తోంది.

అతను లేచి ఆమె తల నిమిరాడు. ఫైలు చేతిలోకి తీసుకుని, "పదమ్మా, కాకినాడ ఎల్దాం" అన్నాడు.

వెళ్లేటప్పుడు నాకు నమస్కారం పెట్టలేదు.